తెరమీది త్రాసు

2019 అక్టోబరు మాసంలో చార్మినార్‌కు దక్షిణాన ఉన్న అలియాబాద్‌లో ఒక సంఘటన జరిగింది. స్విగ్గీ ద్వారా భోజనం తెప్పించుకొన్న ఒక వ్యక్తి, తెచ్చినవాడు ముస్లిమ్ అన్న కారణంతో దానిని పుచ్చుకోవడానికి నిరాకరించాడు. హిందువునే పంపవలెనని అతడు ముందే సూచనల గడిలో వ్రాశాడు. విషయం శాలిబండ పోలీసు ఠాణాకు చేరింది. 2022 ఆగస్టులో ఇదే నగరంలో మరొక ఆర్డరుపై ఇటువంటి సూచనే కనిపించగా గిగ్ కార్మికుల నాయకులు దానిని బహిరంగపరిచారు.

దోషం ఆ కొనుగోలుదారులదే. అయితే ఆలోచించవలసినది మరొకటి ఉన్నది. సందు, మేడ, తలుపు గుర్తులు చెప్పేందుకు ఏర్పడిన గడి, మతాన్ని షరతుగా పెట్టేచోటు ఎట్లా అయింది?

పూర్వం ఇస్లామీయ నగరాలలో ముహ్తసిబ్ అనే అధికారి అంగళ్ళలో తూనికలను, కొలతలను తనిఖీ చేసేవాడు. వర్తకుని హృదయంలో ఏమున్నదో అతడు చూడలేడు. త్రాసును మాత్రం సరిచేయగలడు. ఆన్‌లైన్ అంగడిలో తెరయే త్రాసు. ఎవరికి, ఏ వివరం, ఎప్పుడు చూపవలెనో నిర్ణయించేది దానిని నిర్మించినవారే.

అమెరికాలో 2015లో జరిగిన ఒక పరీక్షలో, నల్లజాతివారి పేర్లతో ఎయిర్‌బీఎన్‌బీలో బస కోరినవారికి, శ్వేతజాతి పేర్లవారికంటే సుమారు 16 శాతం తక్కువగా అంగీకారం లభించింది. 2018లో ఆ సంస్థ పద్ధతి మార్చింది: బస ఖాయమైన తరువాతనే అతిథి ఫోటో ఇంటి యజమానికి కనిపిస్తుంది.

కాని దాచడమొక్కటే చాలదు. ఊబర్‌లో డ్రైవరు ఒప్పుకొన్న పిమ్మటనే ప్రయాణికుని పేరు తెలిసేది. అయినను బోస్టన్‌లో పరిశోధకులు పరిశీలించగా, నల్లజాతి పేర్లవారి ప్రయాణాల రద్దు రెట్టింపుకు మించి ఉన్నది. ముందు మూసిన తలుపు వెనుక తెరచుకొన్నదన్న మాట.

కనుక మూడు పనులు జరగాలి. సూచనల గడిలో మతం, కులం పేర్కొన్న షరతును యంత్రమే త్రిప్పిపంపాలి. నిరాకరణలను లెక్కగట్టి ఎవరిపట్ల అవి అధికమో పరీక్షించాలి. అన్నింటికంటె ముఖ్యంగా, వివక్షవల్ల ఆర్డరు తిరిగివస్తే ఆ నష్టం కార్మికుని కూలిపైనగాని, రేటింగుపైనగాని పడరాదు.

అరబ్బుకు అరబ్బేతరునిపై ఆధిక్యం లేదని దైవప్రవక్త (స) అంతిమ హజ్ సందర్భంలో ప్రకటించారు. మనస్సులు మారడానికి కాలం పడుతుంది. త్రాసును సరిచేయడానికి అంత కాలం అక్కరలేదు.