టీవీ ఎన్క చిన్న డబ్బా: ఇంటిల్లిపాదికి కంప్యూటర్ ఎట్ల ఎంచుకోవాలె?

మా ఉప్పునుంతల మండలంల టీవీ లేని ఇల్లు దేవులాడాలె. కంప్యూటర్ ఉన్న ఇల్లు కూడ దేవులాడాలె. గోడకు 32 ఇంచులదో 43 ఇంచులదో టీవీ ఉంటది గాని, ఎప్‌సెట్ దరఖాస్తు వెయ్యాలన్నా, డిగ్రీకి దోస్త్‌ల ఆప్షన్లు పెట్టాలన్నా, స్కాలర్‌షిప్‌కు ఈపాస్ నింపాలన్నా అచ్చంపేట నెట్ సెంటర్ల లైన్ కట్టుడే. ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయింది, నిజమే. కానీ ఒక పూట కూలి పోయేది పోనే పోతది.

"ఫోన్ ఉన్నది గద" అంటరు. ఉన్నది. ఎవరి చేతుల ఉన్నది? నాయన దగ్గర ఒకటి, అన్న దగ్గర ఒకటి. ఇంటర్ సదివే చెల్లెకు వాళ్లు పండుకున్నంకనే దొరుకుతది. అందుకే నేను ఇంట్లకు ల్యాప్‌టాప్ కంటే ముందు మినీ పీసీ గురించి ఆలోచించమంటున్న. ల్యాప్‌టాప్ ఒకడి సంచిల పడితే ఇగ వాడిదే అయితది. టీవీకి తగిలించిన డబ్బా మాత్రం హాల్ల ఉంటది, అందరిది అయితది.

మినీ పీసీ అంటే అరచేతి కంటే కొంచెం పెద్ద డబ్బా. లోపట ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎస్‌డీ అన్నీ బిగించే వస్తయి. హెచ్‌డీఎంఐ వైరు టీవీకి పెట్టి, కీబోర్డు, మౌస్ తగిలిస్తే టీవీనే కంప్యూటర్. సినిమాలు చూడొచ్చు, పాటలు వినొచ్చు, టీ-సాట్ పాఠాలు పెద్ద తెర మీద పెట్టుకోవచ్చు, అదే తెర మీద దరఖాస్తు నింపొచ్చు.

ఇప్పుడు మార్కెట్ల నాలుగు తీర్ల సరుకు ఉన్నది. ఏది ఎందుకు పనికొస్తదో చెప్తా.

ఒకటి, ఆండ్రాయిడ్ టీవీ బాక్స్. అగ్గువ. కానీ ఇది చూసేటందుకే. దీంట్ల టైపింగ్, ఫారాలు, ప్రింటు సక్కగ సాగవు. మీ టీవీ స్మార్ట్ టీవీ అయితే ఇది అసలే వద్దు.

రెండోది, కంప్యూటర్ వేరే తాన ఉండి దాని తెర మాత్రం మన టీవీల కనపడే పద్ధతి. మన సర్కారు టీ-ఫైబర్‌ను 2024 డిసెంబర్‌ల నాలుగు ఊర్లల్ల మొదలుపెట్టినప్పుడు టీవీనే కంప్యూటర్ లెక్క వాడొచ్చని చూపెట్టింది. ఆ నాలుగిట్ల మన పాలమూరు పక్క మద్దూరు కూడ ఒకటి. ప్రైవేటుల జియో 2025ల జియోపీసీ తెచ్చింది. ఆలోచన మంచిదే, మొదాల్నే పెద్ద పైసలు పెట్టే పని లేదు. కానీ రోడ్డు తవ్వినోడు కేబుల్ కోసిన దినం మీ కంప్యూటర్ కూడ కోసినట్టే. నెట్ లేకుంటే ఫైలు తెరువదు. నెట్ నిలకడగ ఉన్న ఊరికి ఇది సరే. మాసోంటి ఊరికి ఇంట్ల సొంత డబ్బా ఉంటేనే ధీమా.

మూడోది, కొత్త మినీ పీసీ. ఇంటి వాడకానికి ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్నది చాలు. 2023ల వచ్చింది, నాలుగు కోర్లు. కరెంటు శాన తక్కువ తాగుతది. యూట్యూబ్‌ల ఇప్పుడొచ్చే ఏవీ1 వీడియోలను కూడ అలసిపోకుంట ఆడిస్తది. వీడియో ఎడిటింగ్, పెద్ద గేములు దీంతోని కావు. ఆ పని ఉన్నోళ్ల లెక్క వేరే.

నాలుగోది, ఆఫీసులల్ల వాడి అమ్మేసిన చిన్న డబ్బాలు. లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ ఈ కోవలనివే. గట్టి సరుకు, విప్పి ర్యామ్ మార్చుకోవచ్చు. సికింద్రాబాద్ సీటీసీ దిక్కు, ఆన్‌లైన్ల దొరుకుతయి. కానీ మోసం కూడ ఇక్కడనే ఎక్కువ.

పట్నంల ఒక దుకాణంల నాకు "ఐ7 సార్, ఐ5 కంటే పెద్దది" అని ఒక డబ్బా అంటగట్టజూసిండు. తిప్పి చూస్తే మూడో తరం, 2012 నాటిది. ఐ5, ఐ7 అన్న అక్షరం చూసి మురువొద్దు తమ్మీ. దాని ఎనుక ఉన్న నంబరు చూడు. ఐ5-8500టీ అంటే ఎనిమిదో తరం. ఐ5-6500టీ అంటే ఆరో తరం. విండోస్ 11కు ఇంటెల్‌ల ఎనిమిదో తరం నుంచే మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంటది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తోని అయిపోయింది. అంటే ఆరో తరం డబ్బా అగ్గువకు వచ్చినా ఆపతి దానెంబడే వస్తది. బ్యాంకు పాస్‌వర్డు కొట్టే మిషన్ల రక్షణ లేని విండోస్ పెట్టుకోవద్దు. ఇంట్ల ఇదివరకే పాత డబ్బా ఉంటే పారెయ్యకుండ్రి. లినక్స్ మింట్ పైసా లేకుంట దొరుకుతది, అది ఎక్కించుకోవచ్చు.

కొనేముందు ఇంకొన్ని అడగాలె. ర్యామ్ 8 జీబీకి తగ్గొద్దు. లోపట ఎస్ఎస్‌డీ ఉండాలె, 256 జీబీ చాలు. పాత హార్డ్ డిస్క్ అయితే ఆన్ అయ్యేదాంక చాయ్ తాగి రావొచ్చు. "బేర్‌బోన్" అని రాసుంటే అది ఉత్త డొల్ల, ర్యామ్, ఎస్ఎస్‌డీ మళ్ల కొనాలె. ఆఫీసు డబ్బాలల్ల శానవాటికి వైఫై ఉండదు, కొన్నిట్ల హెచ్‌డీఎంఐ లేక డిస్‌ప్లేపోర్ట్ ఒకటే ఉంటది. ముందే అడిగి తెలుసుకోవాలె. అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు చూడాలె. జీఎస్టీ బిల్లు, వారంటీ కాయితం లేకుంట కదలొద్దు. మోసం చేస్తే ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉన్నది.

కరెంటు సంగతి. ఎన్100 డబ్బా మామూలు పనికి 20 వాట్లు తింటదనుకుందాం. దినం 5 గంటలు నడిస్తే నెలకు 3 యూనిట్లు. 100 వాట్లు తినే పాత పెద్ద కంప్యూటర్ అయితే అదే లెక్కన 15. గృహజ్యోతి 200 యూనిట్లు దాటకుంట చూసుకునే ఇంటికి ఈ తేడా చిన్నది కాదు. ఇన్వర్టర్ ఉన్నోళ్లకు కరెంటు పోయినా టీవీ, డబ్బా రెండూ గంటల కొద్ది నడుస్తయి.

దుకాణపోళ్లు చెప్పని ముచ్చట ఒకటున్నది. ఓటీటీ సినిమాలు బ్రౌజర్‌ల పెడితే శానసార్లు టీవీ యాప్‌ల వచ్చినంత స్పష్టంగ రావు. కంపెనీలు కాపీ భయానికి అట్ల కట్టడి పెట్టినయి. స్మార్ట్ టీవీ ఉన్నోళ్లు సినిమాకు టీవీ యాపే వాడుండ్రి. సదువుకు, పనికి డబ్బా వాడుండ్రి. ఇంకోటి, 32 ఇంచుల హెచ్‌డీ రెడీ టీవీల అక్షరాలు కొంచెం మసకగ కనపడుతయి. ఫుల్ హెచ్‌డీ అయితే మంచిగుంటది. అంచులు కోసుకపోతే టీవీ సెట్టింగ్‌ల పిక్చర్ సైజు మార్చాలె.

పెట్టినంక చెయ్యాల్సిన పని ఒకటే, కానీ పెద్దది. ఇంట్ల ఎందరుంటే అన్ని వేరే వేరే ఖాతాలు తెరువాలె. అమ్మ పేరు మీద కూడ ఒకటి. విండోస్‌ల తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉన్నది, లిబ్రే ఆఫీస్ ఉచితం. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాంక ఎవరి వంతు అన్నది గోడ మీద రాసిపెట్టాలె. సీరియల్‌కు, క్రికెట్‌కు మధ్యల ఆడపిల్ల సదువు నలిగిపోతే డబ్బా కొన్నా కొననట్టే.

కొనలేని ఇండ్ల మాటేంది? ఇంటి పన్నుల రూపాయికి 8 పైసల లెక్కన గ్రంథాలయ సెస్సు మనం కడుతున్నం. 2025 డిసెంబర్‌ల కొత్త సర్పంచులను గెలిపించుకున్నం. ఊరికొక టీవీ, ఒక మినీ పీసీ, ఒక ప్రింటర్ పెట్టుమని గ్రామసభల అడుగుడు మన హక్కు. యువకులు ముందటపడి తీర్మానం రాయించుండ్రి. అచ్చంపేటకు పోయే ఆ ఒక్క పూట కూలన్న మిగులుతది.