ఫలక్‌నుమా ప్యాలెస్: మూతపడిన రాచవిందుల శాలకు పునర్వైభవం

హైదరాబాదు పాతనగరంలో చార్మినారుకు దక్షిణంగా సుమారు 5 కిలోమీటర్ల దూరాన, కొండపై 32 ఎకరాల ఆవరణలో నెలకొనియున్న ఫలక్‌నుమా ప్యాలెస్ నగరంలోని వారసత్వ కట్టడాలలో ప్రముఖమైనది. ఉర్దూలో 'ఫలక్' అనగా ఆకాశము. ఆకాశమును తలపించు భవనమను అర్థమున దీనికి ఈ పేరు ఏర్పడినది.

పాయిగా వంశీయుడు, అనంతర కాలంలో హైదరాబాదు సంస్థాన ప్రధానమంత్రి అయిన నవాబ్ వికారుల్ ఉమ్రా 1884 మార్చి 3న ఈ భవనానికి శంకుస్థాపన గావించారు. ఆంగ్ల వాస్తుశిల్పి విలియం వార్డ్ మారెట్ దీనికి రూపకల్పన చేశారు. ఇటలీ పాలరాతి మెట్లు, విండ్సర్ కోటలోని దానిని పోలిన గ్రంథాలయపు కొయ్య పైకప్పు చూపరులను ఆకట్టుకుంటాయి. అయితే ఈ వైభవమే నవాబును అప్పులపాలు చేసినది. తుదకు ఆయన బావమరిది, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1890వ దశకంలో భవనాన్ని స్వీకరించి రాజ అతిథిగృహంగా వినియోగించారు.

భవనంలోని భోజనశాల ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఇక్కడి ఒకే బల్ల చుట్టూ 101 మంది ఏకకాలంలో కూర్చుని భుజించవచ్చును. 1951లో రాష్ట్రపతి డాక్టర్ బాబు రాజేంద్రప్రసాద్ ఆతిథ్యం స్వీకరించిన పిమ్మట ప్యాలెస్ దాదాపుగా మూతపడి, దశాబ్దాల తరబడి నిరాదరణకు గురైనది. కట్టిన వారినే రుణగ్రస్తులను చేసిన భవనాన్ని ఆదాయం లేకుండా పోషించుట ఎవరికైనను కష్టసాధ్యమే.

తాజ్ హోటళ్ల సంస్థ కౌలుకు తీసుకొని, యువరాణి ఎస్రా పర్యవేక్షణలో సుమారు పదేళ్లపాటు పునరుద్ధరణ పనులు నిర్వహించిన అనంతరం, 2010 నవంబరులో ఇది హోటలుగా ప్రారంభమైనది. ఇక్కడి 'అదా' రెస్టారెంటులో హైదరాబాదీ వంటకాలు, 'సెలెస్ట్'లో పాశ్చాత్య వంటకాలు వడ్డించే ఏర్పాటు జరిగినది. 2017 నవంబరు 28న ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు సందర్భంగా ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ అమెరికా ప్రతినిధి ఇవాంకా ట్రంప్ తదితరులకు ఇక్కడే విందు ఇచ్చారు. ఆహార సంస్కృతికి గాను 2019లో హైదరాబాదు యునెస్కో సృజనాత్మక నగరాల జాబితాలో చేరినది.

విందుల ఆదాయం కట్టడాన్ని నిలిపినప్పటికీ, సామాన్య పౌరులకు ఆ భోజనశాల అందుబాటులోకి వచ్చినదని చెప్పుట కష్టమే. యువరాణి ఎస్రా పర్యవేక్షణలోనే పునరుద్ధరింపబడిన చౌమహల్లా ప్యాలెస్ మాత్రం ప్రదర్శనశాలగా రూపొంది, ప్రవేశ రుసుము చెల్లించిన ప్రతి ఒక్కరికీ తలుపులు తెరిచినది.