కప్ప ఎరకు తగిన గాలము

గాలము వేయుట యన్నంతనే మనకు తోచునది చెరువుగట్టు, వెదురుకర్ర, దారము, నీటిపై తేలు బెండు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో బాస్ అను చేపను పట్టువారి పద్ధతులలో నొకటి దీనికి పూర్తిగా భిన్నమైనది. అందు బెండు లేదు. ఎర నీటిలో మునుగదు. మెత్తని ప్లాస్టిక్కుతో చేసిన బొమ్మకప్పను నాచుమీద గంతులు వేయించుచు లాగుదురు. క్రింద పొంచియున్న చేప నాచును చీల్చుకొని వచ్చి దానిని నోట కరచుకొనును. ఈ వేటకు ఎట్టి కర్ర, ఎట్టి రీలు కావలెనో, అట్టివే ఏల కావలెనో ఇచట వివరింతుము.

లార్జ్‌మౌత్ బాస్ పేరునకు తగినట్లు పెద్దనోరు గల మంచినీటి చేప. 1932లో జార్జియా రాష్ట్రమున జార్జ్ పెర్రీ పట్టిన చేప 22 పౌనుల 4 ఔన్సులు తూగినది. 2009లో జపానులోని బివా సరస్సున మనాబు కురితా పట్టిన చేపను దానితో సమానమైన రికార్డుగా అంగీకరించిరి. ఇట్టివి మిక్కిలి అరుదు. సాధారణముగా దొరకునవి కొలది పౌనులు మాత్రమే తూగును. అయినను కప్ప ఎరకు 50 మొదలు 65 పౌనుల బరువు నాపగల దారమును వాడుదురు. ఇంత బలమెందులకు?

దీనికి కారణము చేప కాదు, నాచు. అలబామాలోని గంటర్స్‌విల్ జలాశయము వంటి చోట్ల వేసవిలో నాచు నీటిపై దళసరిగా పరచుకొనును. మన చెరువులలో సైతము కానవచ్చు హైడ్రిల్లా అను నాచు 1950లలో ఫ్లోరిడా చేరి, పిమ్మట అనేక రాష్ట్రములకు వ్యాపించినది. గాలము తగిలిన చేప తిన్నగా ఈ నాచులోనికి దూరును. అపుడు మనము లాగవలసినది చేపను మాత్రమే కాదు, దానిని చుట్టుకొనిన తడినాచును గూడ. దారము తెగెనా, చేప నోటిలో కొక్కెముతో, వెంట దారముతో పోవును. ఆ దారము పక్షుల కాళ్లకు సైతము చుట్టుకొనును. ఆ దేశమున పట్టిన బాస్‌ను తిరిగి నీటిలో విడుచువారు పెక్కురు. చేప అలసిపోకమునుపే ఒడ్డు చేర్చిననే అది బ్రదుకును. కావున తగిన సాధనమును ఎన్నుకొనుట వేటకాని లాభము కొరకే కాదు.

బొమ్మకప్ప లోపల బోలుగా నుండును. రెండు కొక్కెముల మొనలు పైకి తిరిగి దాని వీపునకు అంటియుండుటచే నాచునకు తగులుకొనవు. చేప కరచినపుడు కప్ప నొక్కుకొనిపోయి మొనలు బయటపడును. ఆ కొక్కెములు దళసరివి. చేప దవడలో దిగుటకు గట్టి ఊపు కావలెను.

ఆ ఊపును చేర్చునది దారము. నైలాను దారము సాగును; దూరమున నున్న చేపకు మన ఊపులో కొంత అందదు. పాలిఎథిలీన్ పోగులతో అల్లిన దారము ఇంచుమించు సాగనే సాగదు, నీటిపై తేలును, నాచుకాడలను కోయుచు సాగును. కప్ప ఎరకు ఇదియే తగినది.

కర్ర 7 అడుగులు మొదలు 7 అడుగుల 6 అంగుళముల వరకు ఉండవచ్చును. దానిపై ‘హెవీ’ అనియు, ‘ఫాస్ట్’ అనియు గుర్తులుండవలెను. మొదటిది కర్ర బలమును, రెండవది కొసయొద్ద మాత్రమే వంగు గుణమును తెలుపును. క్రిందిభాగము బిరుసుగా నున్ననే చేపను నాచునుండి పెకలింపవచ్చును. కొస కొంత వంగిననే అర ఔన్సు కప్పను దూరముగా విసరవచ్చును, గంతులు వేయింపవచ్చును. బిరుసుగా నున్న కర్రయెల్ల మంచిదని కొనువారు ఈ రెండవ గుణమును మరచుచుందురు.

రీలు కర్రపైన అమరి, కండె తానే తిరుగునట్టిది కావలెను. దీనిని బెయిట్‌కాస్టింగ్ రీలు అందురు. దీని పూర్వరూపమును 19వ శతాబ్దారంభమున కెంటకీలో జార్జ్ స్నైడర్ అను గడియారపు పనివాడు నిర్మించెనని ప్రసిద్ధి. పిడిని ఒకమారు త్రిప్పిన కండె ఏడుమార్లు తిరుగు రీలును ఎన్నుకొనుట మేలు. కండెపై దారపు చుట్టు 4 అంగుళములైనచో ఒక్క త్రిప్పునకు 28 అంగుళముల దారము లోనికి వచ్చును. గంతుల నడుమ వదులైన దారమును వెంటనే చుట్టుకొనుటకు ఈ వేగము అవసరము. దారమును జారనిచ్చు మరను గట్టిగా బిగింపవలెను. నున్నని కండెపై అల్లిన దారము జారును గావున మొదట కొన్ని చుట్లు నైలాను చుట్టవలెను. కప్ప నీటిని తాకునపుడు బొటనవ్రేలితో కండెను అదిమి ఆపనిచో దారము చిక్కుపడును.

సాధనములన్నియు సమకూరినను తొందరపాటు పనికిరాదు. నీరు చిమ్మిన చప్పుడు వినగనే లాగినచో కప్ప చేప నోటినుండి జారిపోవును. వదులును చుట్టుకొని, చేప బరువు చేతికి తెలిసిన పిమ్మటనే కర్రను బలముగా ఎత్తవలెను.

ఇదంతయు దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. మన చెరువుల నాచులో దాగి కప్పలను తిను కొర్రమీనునకు సైతము ఇట్టి బొమ్మకప్పనే నేడు వాడుచున్నారు. అయితే మన చెరువులలో చేపల హక్కు పలుచోట్ల మత్స్యకారుల సహకార సంఘములది. వారి అనుమతి ముందుగా పొందవలెను.

కొనువారికి మా సలహా ఇది. ఖరీదైన రీలు కొని దారమున పొదుపు చేయవలదు. నీవు వేటాడు నీటిలో నాచు ఎంత దట్టమో ముందు చూచి, దానికి తగిన దారమును, ఆ దారమునకు తగిన కర్రను, ఆ కర్రకు తగిన రీలును ఎన్నుకొనుము. ప్రతి చేప తరువాత కొక్కెమునకు పైనున్న మూరెడు దారమును వ్రేళ్లతో తడిమి చూచి, ఒరిసినచో కోసి మరల ముడివేయుము. కోసిన ముక్కను గట్టున పారవేయక ఇంటికి తెచ్చుట మరువకుము.