జవాబు తరువాతి ప్రశ్న

ప్రశ్నించడం, జవాబు చెప్పడం తెలుగువారికి కొత్త వినోదం కాదు. పొడుపు కథలు విప్పమని మనుమల తెలివిని పరీక్షించిన అవ్వలు, అవధానిని చుట్టుముట్టి కూర్చున్న పృచ్ఛకులు మన సంప్రదాయంలోని వారే. ఆ వినోదమే నేడు టెలివిజన్‌కు ఎక్కింది. 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు నిర్వహించిన 'క్విజ్ టైమ్' దేశమంతటా విద్యార్థులను ఆకర్షించింది. బ్రిటనులో 1998లో పుట్టిన ఒక కార్యక్రమం 2000 జూలై 3న 'కౌన్ బనేగా కరోడ్‌పతి'గా హిందీలోకి వచ్చింది. దాని తెలుగు రూపమైన 'మీలో ఎవరు కోటీశ్వరుడు' 2014 జూన్‌లో నాగార్జున నిర్వహణలో ప్రారంభమైంది. 2017లో చిరంజీవి ఆ పీఠం మీద కూర్చున్నారు. 2021లో 'ఎవరు మీలో కోటీశ్వరులు' అన్న పేరుతో జూనియర్ ఎన్.టి.ఆర్. దానిని నడిపించారు.

ఇట్టి కార్యక్రమాల వలన ఒక మేలు జరిగిందని ఒప్పుకొనవలెను. చదువుకు సంపదతోపాటు సభాగౌరవం కూడా దక్కడం పల్లెల్లోని పిల్లలు కన్నులారా చూశారు. అయితే దాని వెంట ఒక చిక్కు కూడా వచ్చింది. లోకజ్ఞానమంటే జవాబుల జాబితా అన్న అభిప్రాయం బడులలో బలపడింది. 'పెద్దది ఏది, పొడవైనది ఏది, మొదటివాడు ఎవరు' అని వల్లె వేసిన పిల్లవాడు, 'ఎందుకు?' అన్న ఒక్క మాటకు తడబడుతున్నాడు. టెలివిజన్ పోటీలో నాలుగు జవాబులు ఎదుట ఉంటాయి. వాటిలో ఒకటి నిజమని ముందే హామీ ఉంటుంది. జీవితం ఎవరికీ అట్టి హామీ ఇవ్వదు.

ఇది వట్టి ఆక్షేపణ కాదనడానికి దూరం పోనక్కరలేదు. హైదరాబాదుకు దక్షిణాన ఉన్న శంషాబాదు విమానాశ్రయాన్నే తీసుకొందాము. క్విజ్ పుస్తకాలలో దానిని గూర్చిన ప్రశ్నలు తరచుగా కనిపిస్తాయి. ఒక్కొక్క జవాబు వెనుక ఏమున్నదో చూడవచ్చును.

మొదటి ప్రశ్న: అక్కడ విమానాల రాకపోకలు ఎన్నడు మొదలైనవి? జవాబు: 2008 మార్చి 23. ఇక్కడితో ఆగితే మిగిలేది ఒక తేదీ మాత్రమే. అంతకు ముందు నగరానికి విమానాలు ఎక్కడ దిగేవని అడిగితే బేగంపేట గుర్తుకు వస్తుంది. అక్కడినుండి నిజాం రాజ్యపు దక్కన్ ఎయిర్‌వేస్ కథలోకి ప్రవేశిస్తాము. ఆ సంస్థ 1953లో విమానయాన జాతీయీకరణ జరిగినప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైంది. ఒక్క తేదీని కదిలిస్తే ఒక సంస్థానపు చరిత్ర, స్వతంత్ర భారతపు ఆర్థికవిధానం కలిసి కదలినవి.

రెండవ ప్రశ్న: రన్‌వే కొనల మీద వ్రాసిన అంకెలు ఏవి? ఒక కొన మీద 09, రెండవ కొన మీద 27. ఈ అంకెలకు అర్థమేమి? దిక్సూచిలో ఉత్తరం నుండి లెక్కించిన డిగ్రీలను పదితో భాగించి, దగ్గరి పూర్ణసంఖ్యను తీసుకొంటారు. తొంభై డిగ్రీలు తూర్పు, కనుక 09. రెండువందల డెబ్బది పడమర, కనుక 27. అనగా ఆ దారి తూర్పుపడమరలుగా ఉన్నదన్నమాట. అట్లా ఎందుకు వేశారు? విమానం గాలికి ఎదురుగా పరుగెత్తితే త్వరగా పైకి లేస్తుంది. నైరుతి ఋతుపవనాల కాలంలో ఈ ప్రాంతంలో పడమటి గాలులు ప్రబలం. చలికాలంలో తూర్పు గాలులు వీస్తాయి. తొలకరి మేఘం ఏ దిక్కునుండి వస్తుందో తెలిసిన రైతుబిడ్డకు ఆ తెల్లని అంకెలు పరాయివి కావు.

మూడవ ప్రశ్న: అక్కడి ప్రధాన రన్‌వే పొడవెంత? 4260 మీటర్లు. అంత పొడవు దేనికి? శంషాబాదు సముద్రమట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎత్తు పెరిగినకొద్దీ గాలి పలుచబడుతుంది. ఎండ ముదిరితే మరింత పలుచన అవుతుంది. పలుచని గాలిలో రెక్కలకు ఊతం చాలాలంటే విమానం ఎక్కువ వేగం అందుకొనవలె. దానికి ఎక్కువ దూరం పరుగెత్తవలె. నిండు బరువుతో దూరదేశాలకు పోయే విమానాలకు ఈ అవసరం మరీ హెచ్చు. భౌతికశాస్త్ర పాఠంలోని సాంద్రత అన్న మాటకు మే నెల మధ్యాహ్నపు దక్కను పీఠభూమికంటె మంచి ఉదాహరణ ఏమున్నది?

ఈ విమానాశ్రయానికే 2016 మే నెలలో ఆరు ఇంజన్ల ఆంటొనోవ్-225 వచ్చి ఆగింది. అది ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి ఒక భారీ జనరేటరును మోసుకొనిపోతున్నది. ప్రపంచంలో అతి బరువైన విమానం ఏదన్న ప్రశ్నకు నాడు అదే జవాబు. 2022లో ఉక్రెయిన్ యుద్ధపు తొలిరోజులలో, కీవ్ సమీపాన ఉన్న విమానాశ్రయంలో అది ధ్వంసమైంది. ఎగిరే స్థితికి వచ్చిన ఆంటొనోవ్-225 లోకంలో అదొక్కటే. పాత పుస్తకంలో 'ఉన్నది' అని అచ్చైన వాక్యం ఈనాడు 'ఉండేది' అని మారవలసి వచ్చింది.

జవాబులకు కూడా వయస్సు ఉన్నదని దీనివలన తెలుస్తున్నది. శంషాబాదు ఏ రాష్ట్రంలో ఉన్నదంటే 2008లో ఆంధ్రప్రదేశ్ అన్నది సరియైన జవాబు. 2014 జూన్ 2 నుండి తెలంగాణ. ఆ తెలంగాణలో జిల్లాలెన్ని? 2014లో 10, 2016 అక్టోబరు 11 నుండి 31, 2019లో ములుగు, నారాయణపేట చేరిన తరువాత 33. మూడు జవాబులూ నిజమే, ఏ సంవత్సరపు మాటో చెప్పినంతవరకు. సంవత్సరం చెప్పని నిజం అర్ధసత్యమే.

మన పెద్దలు జ్ఞానాన్ని జాబితాగా చూడలేదు. 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసినప్పుడు దానికి ప్రాణం పోసిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, తరువాత 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం' రచనకు పూనుకొన్నారు. 1923లో ఆయన కన్నుమూసేనాటికి ఆ మహాకార్యం అసంపూర్ణంగానే మిగిలింది. విషయాన్ని పేర్కొని వదలక, దాని పుట్టుపూర్వోత్తరాలను తెలుగులో విడమరచి చెప్పవలెనన్నది ఆయన పట్టుదల.

ఎఱ్ఱన తెలుగు చేసిన అరణ్యపర్వశేషంలోని యక్షప్రశ్నల ఘట్టం కూడా ఈ మాటే చెబుతుంది. ధర్మరాజు జవాబులన్నీ సరిగానే చెప్పాడు. అంతటితో పరీక్ష ముగియలేదు. తమ్ములలో ఒక్కని బ్రతికించుకొమ్మని యక్షుడు అన్నప్పుడు, భీమార్జునులను కాదని మాద్రి కొడుకైన నకులుని కోరాడు. ఇద్దరు తల్లులకూ ఒక్కొక్క బిడ్డ మిగలవలెనన్నది అతని తలపు. జవాబులు అతని పాండిత్యాన్ని తెలిపితే, ఆ ఎంపిక అతని వివేకాన్ని తెలిపింది.

కావున ఉపాధ్యాయులు క్విజ్ పోటీలను మానిపించనక్కరలేదు. వాటిని మరొక మెట్టు ఎక్కిస్తే చాలు. విద్యార్థి సరియైన జవాబు చెప్పగానే చప్పట్లతో ఆపక, మరి మూడు ప్రశ్నలు వేయవచ్చును: ఇది ఎప్పటినుండి నిజం? ఎందువలన నిజం? నీకెట్లా తెలిసింది? వీటికి నాలుగు జవాబులు ముందే వ్రాసిపెట్టి ఉండవు. తరగతి అంతా కలిసి పటం విప్పి, పాత పుస్తకం తిరగేసి, పెద్దలను అడిగి తెలుసుకొనవలె. ఆ వెదకులాటలో ఒక పూట గడిచిపోయినా, ఆ పూట పాఠం జరగలేదని అనడానికి వీలులేదు.