కణములోని లస్కరు

తాడేపల్లిగూడెమునుండి కొల్లేటివఱకు కాలువగట్లపై పెరిగిన బాలబాలికలకు లస్కరనగా నెవరో చెప్ప నక్కఱలేదు. గట్టుపైనుండి కేక వినబడును. లస్కరు తూము తలుపెత్తును. నీరు చేనికి పాఱును. మన దేహమందలి కణములును ఇట్లే పనిచేయుచున్నవని మేము తరగతిలో చెప్పుచుందుము.

కణము నావరించిన పొరలో గ్రాహకములను ప్రోటీనులు గలవు. హార్మోను వచ్చి గ్రాహకమును తాకుటయే కేక. దానిని లోపలనుండి వినునది జి-ప్రోటీను. అది జి.డి.పి. యను పదార్థమును విడిచి, జి.టి.పి.ని గ్రహించి మేల్కొని, అడినైలిల్ సైక్లేజు వంటి యెంజైమును నడపును. ఆ యెంజైమే తూము. పిమ్మట తన జి.టి.పి.ని తానే ఛేదించి మరల నిద్రించును. జి-ప్రోటీనులను కనుగొన్నందులకు గిల్మను, రాడ్‌బెలు పండితులకు 1994లో నోబెలు బహుమానము లభించెను.

అయితే లస్కరులు పెక్కుమంది. ఏ కేకకు ఎవడు కదలునో తెలియుటెట్లు? ఒక్కొక్కని చెవులు మూసి చూడవలెను. ఎవని చెవులు మూసినపుడు తూము కదలదో, వాడే ఆ పనివాడు. జి-ప్రోటీను చెవులు మూయు సాధనమే యాంటీబాడీ. రోగక్రిములను పట్టుటకై రక్తములో పుట్టు ఈ ప్రోటీనులు తమకు తగిన యాకారమునే పట్టును. గ్రాహకమును తాకు జి-ప్రోటీను తుదిభాగమును పోలిన చిన్న ముక్కను తయారుచేసి, కుందేళ్లకు సూదితో నెక్కించి, వాని రక్తమునుండి తగిన యాంటీబాడీలను తీయుదురు. 1989లో అమెరికాలో సైమండ్సు, స్పీగెలు మొదలగువారు మానవ రక్తపు ప్లేట్‌లెట్ల పొరలపై వీనిని ప్రయోగించిరి. లస్కరు తూమును మూయుటయు గలదు గదా! ఆల్ఫా-2 అడ్రినర్జిక్ గ్రాహకపు కేకకు ఎంజైము నణచునది జి.ఐ.-2 అను జి-ప్రోటీనని అట్లు తేలెను.

ఈ విద్య మనకేల యందురా? కలరాక్రిమి విషము పేగుకణములలోని జి.యస్. అను జి-ప్రోటీనును జి.టి.పి. ఛేదింపనీయదు. లస్కరు చేయి ఎత్తిన తలుపునకే యంటుకొనిపోయినట్లగును. దేహమందలి నీరును ఉప్పును ఎడతెగక పేగులోనికి పాఱి, రోగి కొన్ని గంటలలోనే ప్రాణాపాయమున పడవచ్చును. ఉప్పును చక్కెరను జతగా లోనికి గొనిపోవు వేఱొక ద్వారమును మాత్రము ఈ విషము చెఱుపదు. అందుచేతనే తగుపాళ్లలో ఉప్పు, చక్కెర కలిపిన శుభ్రమైన నీరు ప్రాణము నిలుపుచున్నది.

కావున తలిదండ్రులారా, వరదనాళ్లలో నీరు కాచి త్రాగుడు. విరేచనములు పట్టినవానికి నీరు మాన్పింపక, ఈ నీటిని త్రాగించుచునే వైద్యునియొద్దకు కొనిపొండు.