హైదరాబాదు ప్రశ్న – భద్రతా మండలి స్పందన: ఒక పరిశీలన

ఒక భూభాగం ఎవరిదన్న వివాదం తేలకముందే అక్కడి ప్రజలు హింసకు గురైతే అంతర్జాతీయ సమాజం ఏమి చేస్తుంది? దీనికి తెలుగు నేలమీదనే ఒక ఉదాహరణ ఉన్నది.

1. నేపథ్యం

1947 నవంబరు 29న నిజాం ప్రభుత్వం, భారత ప్రభుత్వం ఒక సంవత్సర కాలానికి యథాతథ ఒప్పందం చేసుకొన్నాయి. అయినను ఖాసిం రజ్వీ నాయకత్వాన రజాకార్ల దాడులు ఆగలేదు. 1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం భారతదేశంపై ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి తంతి ద్వారా ఫిర్యాదు చేసింది. ఆరు రోజులకు, ఆగస్టు 27న, బైరాన్‌పల్లి గ్రామస్థులు అనేకులు రజాకార్ల దాడిలో హతులయ్యారు. సంస్థానం హక్కుల గురించి మాట్లాడుటకు ప్రతినిధులున్నారు. బైరాన్‌పల్లి పక్షాన ఎవరూ లేరు.

2. మండలి చేసినది

సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది. 16న మండలి పారిస్‌లో సమావేశమైంది. హైదరాబాదు స్వతంత్ర రాజ్యం కాదు గనుక దానికి ఫిర్యాదు చేసే అర్హత లేదని భారత ప్రతినిధి రామస్వామి ముదలియార్ వాదించారు. ఆ అర్హతను తేల్చకుండానే మండలి విషయాన్ని చర్చకు స్వీకరించింది. మరునాడే నిజాం లొంగిపోయారు. కొద్ది రోజులకే ఫిర్యాదును ఉపసంహరించుకొన్నారు. 1949 మే నెలలో మరల చర్చ జరిగినను తీర్మానమేదీ వెలువడలేదు.

సైనిక చర్య అనంతరం జరిగిన హింసలో 27,000 నుండి 40,000 మంది మరణించి ఉంటారని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. మృతులలో అత్యధికులు ముస్లిములు. ఆ నివేదిక దశాబ్దాలపాటు బహిర్గతం కాలేదు.

3. వెస్ట్ బ్యాంక్‌తో పోలిక

అక్కడి న్యాయపరమైన పరిస్థితి వేరు. తీర్మానాలకూ కొదువ లేదు. ఇజ్రాయేలు ఆవాసాలకు చట్టబద్ధత లేదని 2016 డిసెంబరు 23న మండలి 2334వ తీర్మానంలో ప్రకటించింది. పౌరులపై హింసను నివారించాలని కోరింది. 14 దేశాలు సమర్థించగా అమెరికా ఓటు వేయలేదు. 2024 జూలై 19న అంతర్జాతీయ న్యాయస్థానం కూడా ఆవాసాలు చట్టవిరుద్ధమని అభిప్రాయపడింది. అయినను ఆవాసాల విస్తరణ, హింస ఆగలేదు.

4. ముగింపు

బోగోలు వంటి ఊళ్లలో గట్టు తగాదా వస్తే పెద్దలు ముందు కొట్లాట ఆపుతారు, తరువాత హద్దులు చూస్తారు. దేశాల సభలలో హద్దుల వాదనే ముందు నడుస్తుంది. ఏలీయా ఆహాబును నిలదీసినప్పుడు (1 రాజులు 21) నాబోతు హత్యను, తోట స్వాధీనాన్ని విడదీయలేదు. భూమి గురించి ప్రసంగించే కాపరి ఆ రెంటినీ కలిపి చూడవలసియున్నది.