మిషను మీది రేకు చదవండి

ఊళ్లో వెల్డింగు పని ఎప్పుడూ ఉంటుంది. గేటు కీలు ఊడుతుంది. కిటికీ ఊచ విరుగుతుంది. పాల సైకిలు క్యారేజి పగులుతుంది. ఇంట్లో చిన్న వెల్డింగు మిషను ఉంటే సొంత పని జరుగుతుంది. నాలుగు డబ్బులూ వస్తాయి. అందుకని పొదుపు సంఘంలో అప్పు తీసి మిషను కొనేవాళ్లు ఉన్నారు. పని భర్త చేసినా, కొడుకు చేసినా అప్పు మాత్రం ఆమె పేరు మీదే ఉంటుంది. కాబట్టి ఏ మిషను కొంటున్నారో ఆమెకూ తెలియాలి.

పాత రకం మిషనుకు రాడ్డు పెట్టి వెల్డింగు చేస్తారు. రాడ్డు కరిగి పొట్టిదవుతుంది. అయిపోతే ఇంకొకటి పెట్టాలి. ఇప్పుడు మిగ్ మిషన్లు వచ్చాయి. వీటిలో సన్నని తీగ చుట్ట ఉంటుంది. చేతిలో ఉన్న టార్చి మీట నొక్కితే తీగ దానంతట అదే బయటికి వస్తుంది. కరిగి ఇనుమును అతుకుతుంది. కుట్టు మిషను మీద గుడ్డ జరిపినట్టు చెయ్యి ఒకే వేగంతో జరగాలి. పలచని గొట్టాలకు, రేకులకు ఇది బాగుంటుంది.

కరిగిన ఇనుముకు గాలి తగలకూడదు. తగిలితే అతుకులో బుడగలు పడతాయి. అతుకు గట్టిగా ఉండదు. గాలిని ఆపటానికి రెండు దారులున్నాయి. ఒకటి గ్యాసు సిలిండరు. ఇందులో అతుకు శుభ్రంగా వస్తుంది. కానీ ఆరుబయట గాలి వీస్తే ఆ గ్యాసు ఎగిరిపోతుంది. సిలిండరు అయిపోతే నింపించుకు రావాలి. రెండోది మందు తీగ. గాలిని ఆపే మందు తీగ లోపలే ఉంటుంది. సిలిండరు అక్కర్లేదు. అయితే పొగ ఎక్కువ. అతుకు మీద పెచ్చు కడుతుంది. సుత్తితో కొట్టి దులపాలి. తీగ ఖరీదూ ఎక్కువే. ఇంటి ముందు చెట్టు కింద పని చేసుకునేవాళ్లకు మందు తీగే మేలు. రెండూ పట్టే మిషను దొరికితే ఇంకా మంచిది.

ఇక కొట్టు దగ్గరికి పోదాం. ఒకామె మిషను అడిగింది. కొట్టతను ఒకటి తెచ్చి ముందు పెట్టాడు.

"ఇది 200 ఆంపుల మిషనమ్మా. కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అన్నాడు.

"మా ఇంటి కరెంటు ఆగుద్దా అన్నా?" అని ఆమె అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు మిషను వెనకాల ఉంటుంది. అక్కడ చిన్న రేకు గానీ, కాగితం గానీ అంటించి ఉంటుంది. అక్షరాలు ఇంగ్లీషువి. అంకెలు మాత్రం అందరూ నేర్చుకున్నవే. ముందు 230 ఉందో లేదో చూడాలి. మామూలు ఇళ్లకు వచ్చే కరెంటు అదే. 400 అని ఉంటే అది మూడు ఫేజుల మిషను. ఇంటి కరెంటుకు పనికిరాదు.

నిలువు గీత లాంటి అక్షరం పక్కన చిన్న 1 ఉంటుంది. దాని ఎదురుగా ఉన్న అంకె, మిషను గోడ నుంచి లాగే కరెంటు. ఇంట్లో పెద్ద ప్లగ్గు 16 ఆంపులు మోస్తుంది. చిన్న ప్లగ్గు 6 ఆంపులే మోస్తుంది. రేకు మీద 27 అని ఉంటే పెద్ద ప్లగ్గు కూడా చాలదు. వైరు కాలుతుంది. అలాంటి మిషనుకు వేరే లైను వేయించాలి. ఎర్తింగు ఉండాలి. ఆ ఖర్చు కూడా అప్పులో కలిపి లెక్క వేసుకోవాలి.

ఇంటూ గుర్తు లాంటి అక్షరం ఇంకొకటి ఉంటుంది. దాని పక్కన 60% అనో, 20% అనో ఉంటుంది. దీన్ని ఎవరూ చెప్పరు. చూడాల్సింది ఇదే. 60% అంటే 10 నిమిషాల్లో 6 నిమిషాలు వెల్డింగు చేయొచ్చు. 4 నిమిషాలు ఆపాలి. 20% అంటే 2 నిమిషాలే పని. మిగతా 8 నిమిషాలు మిషను చల్లారాలి. అట్ట మీద 200 అని పెద్దగా వేసి, 200 దగ్గర 20% మాత్రమే ఇచ్చే మిషన్లూ ఉన్నాయి. పైగా ఈ లెక్కను మామూలుగా 40 డిగ్రీల వేడికి కడతారు. రెంటచింతల, కొత్తగూడెం లాంటి చోట్ల ఎండాకాలంలో 45 కూడా దాటుతుంది. అప్పుడు ఇంకా ఎక్కువసేపు ఆపాలి. వేడెక్కి ఆగిపోతే స్విచ్చి తీయకూడదు. లోపలి ఫ్యాను తిరిగితేనే మిషను చల్లబడుతుంది.

అసలు 200 ఆంపులు ఇంటికి అవసరమా? 2 మిల్లీమీటర్ల మందం గొట్టానికి 80 ఆంపులు చాలు. 3 మిల్లీమీటర్లకు 120 చాలు. గేట్లు, కిటికీలు, కుర్చీలు చేసేవాళ్లకు 140 ఆంపుల మిషను సరిపోతుంది. రేకు లేని మిషను ఎంత చవకైనా వద్దు.

కొట్టుకు పోయేటప్పుడు ఇంటి నుంచి రెండు ఇనుప ముక్కలు తీసుకుపోవాలి. వాటినే అతికించి చూపమనాలి. చల్లారాక సుత్తితో కొట్టి చూడాలి. టార్చి చివరి టిప్పులు అరిగిపోతాయి. అవి దగ్గరి ఊళ్లో దొరుకుతాయా అని అడగాలి. బిల్లు, గ్యారంటీ కార్డు తీసుకోవాలి. సాయంత్రం వోల్టేజి పడిపోయే ఊరైతే ఆ సంగతి కొనకముందే చెప్పాలి.

బేరంలో మాస్కు మర్చిపోకూడదు. నల్ల కళ్లజోడు చాలదు. 10 గానీ 11 గానీ నంబరు అద్దం ఉన్న మాస్కు కావాలి. ఆ వెలుగు చూసినప్పుడు ఏమీ తెలియదు. రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది. నీళ్లు కారతాయి. చనుబాలు పోయటం, ఆలుగడ్డ ముక్క పెట్టటం లాంటివి చేయకూడదు. కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. పిల్లలకు ఆ మెరుపు చూడటం సరదా. వాళ్లకు కనపడకుండా అడ్డంగా పరదా కట్టాలి. నైలాను చీర మీద రవ్వ పడితే ఒంటికి అతుక్కుంటుంది. నూలు బట్టలు, చెప్పులు కాదు బూట్లు వేసుకోవాలి.

వెల్డింగు పొగ క్యాన్సరు తెస్తుందని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ తేల్చింది. తలుపులు మూసిన గదిలో ఈ పని చేయకూడదు. పొగ ముఖానికి రాకుండా గాలి వైపు నిలబడాలి. జింకు పూత ఉన్న రేకులైతే ముందు ఆ పూత గీకేయాలి. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలి జ్వరం వస్తుంది. పెట్రోలు, డీజిలు పోసిన డ్రమ్ము ఖాళీగా ఉన్నా సరే, దానికి వెల్డింగు పెట్టకూడదు. పేలుతుంది.

ఇంటికి తెచ్చాక ఒక సంగతి. గ్యాసు తీగ తీసి మందు తీగ వేస్తే మిషను లోపలి కనెక్షను కూడా మార్చాలి. మందు తీగకు టార్చి వైరు మైనసు గుర్తు దగ్గర ఉండాలి. గ్యాసు తీగకు ప్లస్ గుర్తు దగ్గర ఉండాలి. మార్చకపోతే రవ్వలు చిమ్ముతాయి, అతుకు కుదరదు. వానాకాలంలో వాడని తీగ చుట్టను ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టాలి. తుప్పు పట్టిన తీగ టార్చిలో ఇరుక్కుంటుంది.